జర్నల్ తీసేస్తే లినక్స్ పరుగెడుతుందా?

లినక్స్ వాడేవాళ్ల మధ్య ఒక సలహా చాలా ఏళ్లుగా తిరుగుతోంది. డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో జర్నల్ (మార్పులను ముందుగా రాసిపెట్టుకునే చిట్టా) ఆపేస్తే మెషీన్ పరుగెడుతుందని. తిరుపతిలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని ఉబుంటు వేసుకునే ఇంజనీరింగ్ విద్యార్థుల దగ్గరా ఈ మాట వినిపిస్తుంది, చిత్తూరులో చిన్న చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసిపెట్టే సర్వీస్ కుర్రాళ్ల దగ్గరా వినిపిస్తుంది. ఆదేశం ఒక్క లైను. పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ముందూ వెనకా చూడకుండా చేసేవాళ్లు ఎక్కువ.

ఈ సలహాను పూర్తిగా తప్పు అనలేం. జర్నల్ లేకపోతే డిస్కు మీద రాతలు తగ్గుతాయి, కొన్ని పనులు త్వరగా అవుతాయి. చిక్కు ఎక్కడుందంటే, జర్నల్ బరువు బాగా తెలిసేది ప్రతి చిన్న నమోదునూ అప్పటికప్పుడు డిస్కుకు ఎక్కించే మెషీన్లలో. అలా ఎక్కించేదే ఆ నమోదు పోకూడదని. అంటే, తీసేస్తే ఎక్కువ లాభం ఎవరికి కనిపిస్తుందో, తీయకూడనివాళ్లు చాలావరకు వాళ్లే. మామూలు ల్యాప్‌టాప్‌లో తీసినా ఉంచినా మనిషికి తేడా తెలియదు. ఈ రెండింటి మధ్య నిజంగా తీసేయదగిన చోట్లు కొన్ని ఉన్నాయి. అవి ఏవో తేల్చుకోవాలంటే జర్నల్ చేసే పని ఏమిటో కొంచెం లోపలికి వెళ్లి చూడాలి.

ఒక కొత్త ఫైలు తయారు చేయడం పైకి ఒక్క పనిలా కనిపిస్తుంది. డిస్కు మీద అది ఐదారు చోట్ల జరగాలి. ఐనోడ్ అంటే ఒక్కో ఫైలు వివరాలు ఉండే నమోదు, బ్లాకు అంటే డిస్కు జాగాలో ఒక చిన్న ముక్క, బిట్‌మ్యాప్ అంటే వాటిలో ఏవి వాడకంలో ఉన్నాయో చెప్పే పట్టిక. ఐనోడ్ బిట్‌మ్యాప్‌లో ఒక బిట్ మారాలి. ఐనోడ్ పట్టికలో ఫైలు సైజు, యజమాని, సమయం, దాని బ్లాకులు ఎక్కడున్నాయన్న వివరం చేరాలి. డైరెక్టరీలో పేరు పడాలి. బ్లాక్ బిట్‌మ్యాప్‌లో ఆ బ్లాకులు వాడకంలో ఉన్నట్టు గుర్తు పడాలి. ఖాళీ జాగా లెక్క తగ్గాలి. ఇవన్నీ డిస్కులో వేరువేరు చోట్ల ఉంటాయి, ఒకే క్షణంలో రాయడం కుదరదు. రెండు రాసి మూడోది రాసేలోపు కరెంటు పోయిందనుకుందాం. డైరెక్టరీలో పేరు ఉంటుంది, దాని ఐనోడ్ ఖాళీగా ఉంటుంది. లేదా ఒకే బ్లాకును రెండు ఫైళ్లు తమదంటాయి. రెండో రకం మరీ ప్రమాదం, ఎందుకంటే అది ఆ రోజు బయటపడదు. తర్వాత ఎప్పుడో ఒక ఫైలులో రాస్తే ఇంకో ఫైలు పాడవుతుంది.

ఈఎక్స్‌టీ4కు ముందుతరం, జర్నల్ లేని ఈఎక్స్‌టీ2 రోజుల్లో ఇదే పరిస్థితి. కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకపోతే, తర్వాత ఆన్ చేసినప్పుడు ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రామ్ డిస్కు మొత్తాన్నీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసుకుంటూ పోయేది. డిస్కులు చిన్నవిగా ఉన్నంతకాలం ఎలాగో గడిచింది. పెద్దవయ్యేకొద్దీ సర్వర్ లేవడానికే గంటలు పట్టడం మొదలైంది. లినక్స్ డెవలపర్ స్టీఫెన్ ట్వీడీ 1998లో ఈఎక్స్‌టీ2కు జర్నల్ చేర్చే పద్ధతిని వివరిస్తూ పత్రం రాశాడు. అదే ఈఎక్స్‌టీ3 అయ్యి 2001 నవంబరులో 2.4.15 కెర్నల్ (లినక్స్ మూల భాగం)తో అందరికీ వచ్చింది. దాని తర్వాతి రూపమైన ఈఎక్స్‌టీ4, 2008 డిసెంబరులో 2.6.28 కెర్నల్‌తో స్థిరపడింది.

చిత్తూరు బెల్లం మండీల్లో లెక్కలు రాసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో రాసుకుంటారు, తీరిక చూసుకుని ఆవర్జాలో ఎవరి ఖాతాకు అది ఎక్కిస్తారు. ఆవర్జా ఎక్కించే మధ్యలో పని ఆగిపోయినా చిట్టా చూసి మళ్లీ ఎక్కించవచ్చు. చిట్టాలోనే సగం వాక్యం ఉంటే దాన్ని కొట్టేస్తారు. ఫైల్ సిస్టమ్ జర్నల్ కూడా ఇంతే. మార్చబోయే మెటాడేటా (ఫైలు పేరు, సైజు, చోటు లాంటి వివరాలు) బ్లాకులన్నీ ముందు వరుసగా జర్నల్ జాగాలోకి వెళ్తాయి, చివర రాత పూర్తయిందని చెప్పే కమిట్ గుర్తు పడుతుంది. అసలు చోట్లకు చేరేది ఆ తర్వాతే. మధ్యలో మెషీన్ ఆగిపోతే, మళ్లీ లేచినప్పుడు కమిట్ గుర్తు ఉన్నవాటిని అమలు చేసి, లేనివాటిని వదిలేస్తుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని. జర్నల్ జాగా సాధారణంగా 128 ఎంబీ, పెద్ద డిస్కుల్లో 1 జీబీ దాకా ఉంటుంది. ఎఫ్‌ఎస్‌సీకేలా డిస్కంతా తిరగనక్కర్లేదు.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక అపోహ గురించి చెప్పాలి. జర్నల్ మన డేటాను కాపాడుతుందనుకుంటారు. ఈఎక్స్‌టీ4 మామూలుగా నడిచేది ఆర్డర్డ్ అనే పద్ధతిలో. ఇందులో జర్నల్‌కు వెళ్లేది మెటాడేటా మాత్రమే, ఫైలు లోపలి సరుకు కాదు. సరుకు నేరుగా దాని చోటికి వెళ్తుంది. అయితే అది చేరాకే దానికి సంబంధించిన మెటాడేటా కమిట్ అవుతుందన్న క్రమం మాత్రం తప్పదు. కాబట్టి మూడు జీబీల పెళ్లి వీడియో కాపీ చేస్తుంటే జర్నల్‌లో పడేది కొద్ది బ్లాకులే. అక్కడ జర్నల్ తీసేసి వేగం ఆశించడం దండగ. లాడ్జిల్లో సీసీటీవీ రికార్డింగ్ చేసే మెషీన్లదీ ఇదే కథ. పెద్ద ఫైళ్లు, వరుస రాత, తక్కువ మెటాడేటా. డేటాను కూడా జర్నల్ గుండా పంపే పద్ధతి వేరే ఉంది. అందులో ప్రతిదీ రెండుసార్లు రాయాలి కాబట్టి దాన్ని ఎంచుకునేవాళ్లు తక్కువ.

జర్నల్ ఉన్నంత మాత్రాన ఫైలులోని సరుకు భద్రం కాదని 2009లో లోకానికి గట్టిగానే తెలిసింది. ఈఎక్స్‌టీ4 కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, సిస్టమ్ హఠాత్తుగా ఆగిపోతే డెస్క్‌టాప్ సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలేవి. డేటాను వెంటనే రాయకుండా కొంతసేపు మెమరీలో ఆపి, ఆ తర్వాత జాగా కేటాయించడం దానికి కారణం. ఫైల్ సిస్టమ్ లెక్కల్లో తప్పు లేదు, ఫైలు మాత్రం ఖాళీ. పాత ఫైలు మీద కొత్తది తెచ్చి పెట్టే ప్రోగ్రాముల కోసం తర్వాత కెర్నల్‌లోనే సర్దుబాటు చేశారు. ఏదైనా కచ్చితంగా డిస్కు మీద ఉండాలంటే ప్రోగ్రామ్ ఎఫ్‌సింక్ అని అడగాలి. డేటాబేస్‌లన్నీ అలా అడుగుతాయి. జర్నల్ ఖర్చు బాగా పెరిగేది కూడా అక్కడే.

ఎఫ్‌సింక్ పిలిస్తే ఏమవుతుందో పాత హార్డ్ డిస్కు మీద చూస్తే బాగా అర్థమవుతుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఎఫ్‌సింక్ అడగగానే ముందు ఫైలు డేటా దాని చోటికి వెళ్లాలి. తర్వాత డిస్కు మీద రాసే తల జర్నల్ ఉన్న చోటికి జరిగి మెటాడేటా రాయాలి. డిస్కు తన క్యాష్‌లో (తాత్కాలిక మెమరీలో) ఉన్నదంతా పళ్లేల మీదికి దింపానని చెప్పాలి. చివర్లో కమిట్ గుర్తు, దానికీ మళ్లీ అదే హామీ. ఇదంతా రెండు మూడు చుట్ల పని, అంటే సుమారు 16 నుంచి 25 మిల్లీసెకన్లు. సెకనుకు నలభై నుంచి అరవై ఎఫ్‌సింక్‌లు దాటవన్నమాట. వందల ఎంబీలు అలవోకగా కాపీ చేసే డిస్కు, చిన్న చిన్న రసీదుల దగ్గరకు వచ్చేసరికి కుంటుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే.

పైగా జర్నల్‌లో ఒక ట్రాన్సాక్షన్, అంటే ఒకేసారి కమిట్ అయ్యే మార్పుల గుంపు, ఒక్క ఫైలుది కాదు, ఆ సమయంలో నడుస్తున్న అందరిదీ. ఒక ప్రోగ్రామ్ తన చిన్న ఫైలుకు ఎఫ్‌సింక్ అడిగితే, పక్కన జరుగుతున్న పెద్ద కాపీ డేటా కూడా ముందు దిగాల్సి రావచ్చు. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చినప్పుడు ఈఎక్స్‌టీ3 మీద బ్రౌజర్ క్షణాలపాటు బిగుసుకుపోయింది దీనివల్లే. చూసిన పేజీల చరిత్రను ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాస్తూ అది మాటిమాటికీ ఎఫ్‌సింక్ పిలిచేది. ఈఎక్స్‌టీ4లో ఆ బాధ చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు.

మరి జర్నల్ తీసేస్తే మిగిలేది ఎంత? ఈఎక్స్‌టీ4ను ముందుండి నడిపిన థియోడర్ త్సో 2009లో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) మీద జర్నల్‌తోనూ, అది లేకుండానూ కొలిచి చూపించాడు. లినక్స్ కెర్నల్ సోర్సును గిట్‌తో దించుకోవడంలో డిస్కుకు చేరిన రాత 4 శాతం తగ్గింది. దాన్ని కంపైల్ చేయడంలో, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడంలో 12 శాతం. కంపైల్ చేసినవన్నీ తుడిచేయడంలో దాదాపు సగం తగ్గింది. కానీ ఆ తుడిచే పనిలో రాసిందే మొత్తం 15 ఎంబీ లోపు. ఇవన్నీ రాత పరిమాణాలు, సమయం కాదన్నది గుర్తుంచుకోవాలి. ఈ లెక్కలో అందరికీ పనికొచ్చే విషయం ఉంది. డేటా ఎక్కువ, ఫైళ్లు తక్కువ అయితే జర్నల్ ఖర్చు నామమాత్రం. వేల చిన్న ఫైళ్లు పుట్టి చచ్చే చోట మాత్రం అది పైకి తేలుతుంది.

జర్నల్ మీద నిందపడటానికి ఇంకో కారణం, ఏ ప్రోగ్రామ్ డిస్కును ఎంత వాడుతోందో చూపే ఐఓటాప్ తెర. మెషీన్ మొరాయిస్తుంటే ఐఓటాప్ తెరుస్తారు. జేబీడీ2 అనే పేరు, పక్కన డిస్కు పేరు, గీత, చివర 8 అంకె ఉన్న వరుస పైకి వచ్చి 90, 99 శాతం అని చూపిస్తుంది. ఆ 8 జర్నల్ ఉండే ఐనోడ్ నంబరు. దొంగ దొరికాడనుకుని జర్నల్ తీసేస్తారు. నిజానికి జర్నల్ రాసే కెర్నల్ భాగమైన జేబీడీ2 తనంతట తాను ఏమీ రాయదు. ఎవరో ఫైళ్లు మారుస్తుంటే, ఎవరో ఎఫ్‌సింక్ అడుగుతుంటే వాళ్ల కోసం రాస్తుంది. ఆ శాతం కూడా అది ఎదురుచూపులో గడిపిన సమయమే, డిస్కు సామర్థ్యంలో అది తిన్న వాటా కాదు. చూడాల్సింది ఆ వరుస కింద ఉన్న ప్రోగ్రాములను. ప్రాక్ డైరెక్టరీలో ఎఫ్‌ఎస్, దాని కింద జేబీడీ2 అనే ఫోల్డర్‌లో ప్రతి డిస్కుకూ ఇన్ఫో అనే ఫైలు ఉంటుంది. ఒక కమిట్‌కు సగటున ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో, ఒక్కో ట్రాన్సాక్షన్‌లో ఎన్ని బ్లాకులు వెళ్తున్నాయో అందులో రాసి ఉంటుంది. దాన్ని చూడకుండా జర్నల్ మీద చేయి వేయకూడదు.

ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం. జూన్, జూలైలలో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరతాయి. లోపలికి వెళ్లేటప్పుడు లోడు కాటా, సరుకు దించి వచ్చేటప్పుడు ఖాళీ కాటా. రెండింటి తేడాయే రైతు చేతికి వచ్చే రసీదు. కాటా గదిలో కంప్యూటర్ అంత గొప్పదేమీ కాదు. పాత డెస్క్‌టాప్, హార్డ్ డిస్కు, దాని మీద లినక్స్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఉన్నాయనుకుందాం. రద్దీ రోజుల్లో అది నెమ్మదిస్తే ఆపరేటర్‌కు టెన్షన్, బయట ఎండలో నిలబడ్డవాళ్లకు విసుగు. ఎవరో వచ్చి జర్నల్ తీసేద్దామంటారు.

ఇప్పుడు లెక్క వేద్దాం. మైఎస్‌క్యూఎల్ మామూలు సెట్టింగులతో ఒక రసీదుకు తన రెడో లాగ్‌కు (కోలుకోవడానికి రాసుకునే సొంత చిట్టాకు) ఒక ఎఫ్‌సింక్, బిన్‌లాగ్ అనే మార్పుల చిట్టా ఆన్‌లో ఉంటే దానికి మరొకటి పిలుస్తుంది. ఒక్కోటి 25 మిల్లీసెకన్లు అనుకున్నా, లోపలి పనులు కలుపుకుని సెకనులో పదో వంతు దాటదు. ట్రాక్టరు కాటా ఎక్కి, నిలిచి, దిగడానికే నిమిషం పైన పడుతుంది. సెకనుకు ఒక్క రసీదు కూడా రాని చోట జర్నల్ అడ్డుపడే ప్రశ్నే లేదు. అక్కడ ఆలస్యం సాధారణంగా ఇంకో చోట ఉంటుంది. ఇండెక్స్ లేని పట్టికలో రైతు పేరు వెతకడం, మెమరీ చాలక డిస్కునే మెమరీగా వాడే స్వాప్‌కు వెళ్లడం, లేదా డిస్కే చచ్చిపోతుండటం. మూడోది చాలాసార్లు ఎవరూ చూడరు. డిస్కు తన ఆరోగ్యం గురించి చెప్పే స్మార్ట్ వివరాల్లో పెండింగ్ సెక్టార్లు (చదవడం కుదరనివి), మార్చిన సెక్టార్ల సంఖ్య పెరుగుతుంటే డిస్కు ఒక్కో చోట సెకన్ల తరబడి ప్రయత్నిస్తూ ఆగిపోతుంది. అలాంటి డిస్కు మీద జర్నల్ తీయడమంటే, ఉన్న కాస్త రక్షణ కూడా పోగొట్టుకోవడమే.

అదే మెషీన్‌లో సాయంత్రం వెయ్యి రసీదులను ఒక ఫైలు నుంచి డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంటే మాత్రం నిజంగానే ఆలస్యం కనిపిస్తుంది. వరుసకు ఒక కమిట్ చొప్పున వెయ్యి కమిట్లు, ఒక్కోటి 20 మిల్లీసెకన్లు, మొత్తం 20 సెకన్లు. ఆ వెయ్యింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే కమిట్ ఒక్కటే. సెకనులోపు పని. జర్నల్‌ను ముట్టుకోకుండా, ప్రోగ్రామ్‌లో రెండు లైన్లు మార్చి సాధించే లాభం ఇది. జర్నల్ తీసేసి ఇంత లాభం తెచ్చుకోవడం కుదరదు, ఎందుకంటే జర్నల్ లేకపోయినా ఎఫ్‌సింక్ ఎఫ్‌సింకే. డేటా, ఐనోడ్ డిస్కు మీదికి చేరాలి, డిస్కు తన క్యాష్ ఖాళీ చేయాలి. తగ్గేది జర్నల్‌కు వెళ్లివచ్చే ఖర్చే.

డేటాబేస్‌కు సొంత లాగ్ ఉంది కదా, ఫైల్ సిస్టమ్ జర్నల్ ఎందుకు అని కొందరు వాదిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. డేటాబేస్ లాగ్ తన ఫైళ్ల లోపల జరిగిన పొరపాట్లను సరిచేస్తుంది. ఆ ఫైళ్లు అసలు ఎక్కడున్నాయో చెప్పే డైరెక్టరీ, ఐనోడ్, బ్లాకుల లెక్క చెడితే అది ఏమీ చేయలేదు. తన లాగ్ ఫైలే కనిపించకపోతే దేన్ని చూసి కోలుకుంటుంది?

జర్నల్ లేని డిస్కు కరెంటు పోయాక ఎలా లేస్తుందో దగ్గరగా చూడాలి. తిరుపతిలో మే నెల సాయంత్రాలు ఉరుములతో గాలివాన వచ్చి కరెంటు రెండు మూడు సార్లు పోయి రావడం కొత్తేమీ కాదు. మెషీన్ ఆన్ అవుతుంది. ఫైల్ సిస్టమ్ సరిగ్గా మూయలేదన్న గుర్తు చూసి ఎఫ్‌ఎస్‌సీకే పూర్తి తనిఖీ మొదలుపెడుతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే త్వరగానే ముగుస్తుంది, లక్షల ఫైళ్లున్న పెద్ద హార్డ్ డిస్కయితే చాలాసేపు పడుతుంది. చిన్న తేడాలను అది తనంతట తానే సర్దేస్తుంది. పెద్ద తేడా కనిపిస్తే ఆగిపోయి, అనుకోని గందరగోళం ఉంది, ఎఫ్‌ఎస్‌సీకే మీరే నడపండి అని చెప్పి నల్ల తెర మీద వదిలేస్తుంది. అప్పుడు ఎవరో రూట్ పాస్‌వర్డ్ కొట్టి, ప్రతి ప్రశ్నకూ వై నొక్కుతూ కూర్చోవాలి. ఆ ప్రశ్నలు చదివి అర్థం చేసుకుని నొక్కేవాళ్లు తక్కువ. అంతా అయ్యాక లాస్ట్‌ఫౌండ్ అనే ఫోల్డర్‌లో హ్యాష్ గుర్తు, దాని పక్కన అంకెలతో ఫైళ్లు పడి ఉంటాయి. పేర్లు పోయి ఐనోడ్ నంబర్లే మిగిలాయన్నమాట. ఏది ఏ నెల రసీదుల ఫైలో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. జర్నల్ ఉంటే ఈ తతంగంలో చాలావరకు జరగదు.

ఇంకో నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆర్డర్డ్ పద్ధతి లేకపోతే, కరెంటు పోయిన సమయంలో పెరుగుతున్న ఫైలుకు బ్లాకులు కేటాయించి ఉండవచ్చు, కొత్త డేటా మాత్రం ఇంకా చేరకపోవచ్చు. అప్పుడు ఆ బ్లాకుల్లో అంతకుముందు ఉన్న పాత సరుకు ఈ ఫైలులో కనిపిస్తుంది. అది వేరే వాడుకరి తుడిచేసిన ఫైలు ముక్క కావచ్చు. నలుగురు వాడే ల్యాబ్ మెషీన్‌లో, ఆఫీసు సర్వర్‌లో ఇది చిన్న విషయం కాదు.

ఇన్వర్టర్ ఉంది, మాకేం ఫర్వాలేదు అనేవాళ్లు ఉంటారు. ఇంటి ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టకపోతే కరెంటు మారే ఆ కాస్త ఆలస్యానికే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది. బ్యాటరీ పాతబడితే పది నిమిషాలు మోస్తుందనుకున్నది అర నిమిషంలో చేతులెత్తేస్తుంది. ఇవన్నీ బాగున్నా కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కాలిపోవచ్చు, కెర్నల్ ఆగిపోవచ్చు, తెర బిగుసుకుపోతే ఎవరో పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయవచ్చు. కరెంటు కోత ఒక్కటే శత్రువు కాదు. యూపీఎస్ అవసరమే, కానీ అది జర్నల్ స్థానంలోకి రాదు.

ఇంత చెప్పాక, తీసేయడం సబబైన చోట్లు. ఈఎక్స్‌టీ4కు జర్నల్ లేకుండా నడిచే వీలు కల్పించింది గూగుల్ ఇంజనీర్లే, 2009లో 2.6.29 కెర్నల్‌తో. వాళ్లు అప్పటిదాకా ఈఎక్స్‌టీ2 వాడుతున్నారు. అప్పట్లో వాళ్ల దగ్గర ఒకే డేటా వేరువేరు మెషీన్లలో మూడేసి కాపీలుగా ఉండేది. ఒక డిస్కు పాడైతే దాన్ని బాగుచేసుకుంటూ కూర్చునేవాళ్లు కాదు, తుడిచేసి మిగతా కాపీల నుంచి మళ్లీ నింపేవాళ్లు. వేల డిస్కుల మీద కొద్ది శాతం కలిసొచ్చినా వాళ్లకు అది పెద్ద మొత్తం. ఆ ఏర్పాటు లేకుండా వాళ్ల సెట్టింగును మాత్రం తెచ్చుకోవడం అర్థం లేని పని.

మన దగ్గర అలాంటి చోట్లు ఏవంటే, పోయినా మళ్లీ తయారయ్యేవి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల కంపైల్ డిస్కు, వేల చిన్న ఫైళ్లు రాసి తుడిచే టెస్టింగ్ మెషీన్లు, వెబ్ క్యాష్ ఉండే డిస్కు విభాగం (పార్టిషన్), పని అయ్యాక పారేసే వర్చువల్ మెషీన్. కాలేజీ ల్యాబ్‌లో ప్రతి సెమిస్టర్‌కూ ఇమేజ్ నుంచి మళ్లీ ఎక్కించే కంప్యూటర్లలో కూడా, విద్యార్థుల ఫైళ్లు వేరే సర్వర్‌లో ఉంటే, తీసేయవచ్చు. అయితే వీటిలో చాలావాటికి, మెమరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్ అయిన టీఎంపీఎఫ్‌ఎస్ ఇంకా మేలు. మెమరీ ఉంటే తాత్కాలిక ఫైళ్లను అందులోనే పెడితే డిస్కు ఊసే ఉండదు. వేరే విభాగం చేసి దానికి మాత్రమే జర్నల్ తీసేయడం, సిస్టమ్ ఉండే రూట్ విభాగం జోలికి పోకపోవడం ఉన్నంతలో తెలివైన దారి.

ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయంతో జర్నల్ తీసేవాళ్లకు ఒక చిన్న లెక్క. 500 జీబీ మామూలు ఎస్‌ఎస్‌డీలు చాలావాటికి 300 టీబీ రాత దాకా హామీ ఉంటుంది. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీ. ఆ లెక్కన నలభై ఏళ్లు. అందులో జర్నల్ వాటా పదో వంతు అనుకున్నా, దాన్ని మిగుల్చుకుని చేసేదేమీ లేదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో వాడే ఎస్‌డీ కార్డుల సంగతి కొంచెం వేరు, అవి నిజంగానే త్వరగా పోతాయి. కానీ వాటిని చంపేది జర్నల్ ఒక్కటే కాదు, రాస్తుండగా కరెంటు తీసేయడం కూడా. కాలేజీ ప్రాజెక్టులకు రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లు జర్నల్ తీసే బదులు ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేసుకుంటే కార్డు చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, రాతలు మెమరీలో ఉండిపోతాయి. ఆ సౌకర్యం దాని సెట్టింగుల ప్రోగ్రామ్ రాస్పీ కాన్ఫిగ్‌లోనే ఉంది.

జర్నల్ ఉంచుకునే వేగం తెచ్చుకునే దారులు ఇంకా ఉన్నాయి. నోఅటైమ్ అనే మౌంట్ ఆప్షన్ పెడితే ఫైలు చదివినప్పుడల్లా సమయం రాసే పని తప్పుతుంది, అయితే ఆ రాతను చాలావరకు తగ్గించే రెల్అటైమ్ 2009 నుంచి మామూలుగానే ఉంది కాబట్టి లాభం కొంచెమే. కమిట్ విరామం మామూలుగా 5 సెకన్లు, దాన్ని 30కి పెంచితే డెస్క్‌టాప్‌లో రాతలు తగ్గుతాయి, కానీ ఎఫ్‌సింక్ అడిగేవాళ్ల విషయంలో ఏ మార్పూ ఉండదు. ఎస్‌క్యూలైట్ వాడే ప్రోగ్రాములను, మార్పులను ఒకే లాగ్ ఫైలులో చేరుస్తూ పోయే వాల్ పద్ధతికి మార్చడం వీటన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. పాత పద్ధతిలో అది ప్రతి ట్రాన్సాక్షన్‌కూ ఒక ఫైలు పుట్టించి తుడిచేస్తుంది, జర్నల్‌కు దానికంటే పెద్ద పని ఉండదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సింక్రనస్ కమిట్ (ప్రతి కమిట్‌కూ డిస్కు కోసం ఆగడం) ఆపితే ఆఖరి సెకనులోపు నమోదులు పోవచ్చు, డేటాబేస్ మాత్రం చెడదు. 5.10 కెర్నల్‌తో 2020 చివర్లో వచ్చిన ఫాస్ట్ కమిట్, ఎఫ్‌సింక్‌కు జర్నల్‌లో పడే రాతను తగ్గిస్తుంది. అది మనం కోరి ఆన్ చేయాలి. రాతల క్రమం తప్పకుండా చూసే బ్యారియర్‌ను ఆపేయమని కూడా కొందరు చెబుతారు. దాన్ని అసలు వినకూడదు. జర్నల్ ఉన్నట్టే ఉంటుంది, కానీ డిస్కు దాన్ని ఏ క్రమంలో రాసిందో ఎవరూ చెప్పలేరు. ఇక అన్నిటికంటే పెద్ద తేడా, పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయడం. డబ్బు పెట్టగలిగితే, కరెంటు పోయినా క్యాష్‌లో ఉన్నది దింపుకునే కెపాసిటర్లు ఉన్న సర్వర్ రకం ఎస్‌ఎస్‌డీలో ఎఫ్‌సింక్ ఖర్చు దాదాపు కనిపించదు.

ఇవన్నీ చూశాక కూడా తీసేయాల్సిందే అనుకుంటే పద్ధతిగా తీయాలి. ముందు బ్యాకప్, అదీ వేరే చోట. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా నిలిచాయో చూసినవాళ్లకు బ్యాకప్ డిస్కును అదే గదిలో కింది అరలో పెట్టకూడదని చెప్పనక్కర్లేదు. తర్వాత ఆ విభాగాన్ని అన్‌మౌంట్ చేయాలి, అంటే వాడకం నుంచి తప్పించాలి, రూట్ అయితే లైవ్ యూఎస్‌బీ నుంచి బూట్ కావాలి. ఈ2ఎఫ్‌ఎస్‌సీకేతో బలవంతపు తనిఖీ చేయాలి. జర్నల్‌లో ఇంకా ఎక్కించాల్సింది మిగిలి ఉంటే, ఫైల్ సిస్టమ్ సెట్టింగులు మార్చే ట్యూన్2ఎఫ్‌ఎస్ ఆదేశం తీయనని మొండికేస్తుంది, అది మంచిదే. తనిఖీ అయ్యాక ట్యూన్2ఎఫ్‌ఎస్‌లో పెద్ద ఓ ఆప్షన్‌కు, హాజ్ జర్నల్ అన్న ఫీచర్ పేరు ముందు టోపీ గుర్తు పెట్టి ఇస్తే జర్నల్ పోతుంది. మరోసారి తనిఖీ చేసి, డంప్ఈ2ఎఫ్‌ఎస్‌తో ఫీచర్ల వరుసలో ఆ పేరు లేదని చూసుకోవాలి. ఏ డిస్కు ఎలా మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో డేటా పద్ధతి, కమిట్ విరామం లాంటి ఆప్షన్లు ఏమైనా ఉంటే తీసేయాలి. అవి ఉంటే జర్నల్ లేని డిస్కును కెర్నల్ మౌంట్ చేయదు, మెషీన్ బూట్ మధ్యలోనే నిలిచిపోతుంది.

తీసేశాక ఒక వారం పాటు అదే పనిని, అదే కొలతతో కొలవాలి. కళ్లకు వేగంగా అనిపించడం కొలత కాదు. తేడా కనిపించకపోతే, లేదా ఆ మెషీన్ మీదికి రేపు ముఖ్యమైన డేటా వస్తే, మళ్లీ పెట్టుకోవచ్చు. అన్‌మౌంట్ చేసి ట్యూన్2ఎఫ్‌ఎస్‌కు చిన్న జె ఆప్షన్ ఇస్తే చాలు. మౌంట్ అయి ఉండగానే పెడితే పేరు ముందు చుక్కతో జర్నల్ అనే ఫైలు ఆ విభాగం పై స్థాయి ఫోల్డర్‌లో కనిపిస్తుంది, అదేదో అనవసరపు ఫైలనుకుని ఎవరూ దాని జోలికి పోకుండా చూసుకోవాలి. అందుకే అన్‌మౌంట్ చేసి పెట్టడమే మేలు.